పద్యం విప్పితే ఇరవై అంకెలు

చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడోదాంట్లో నాలుగు. తమిళనాడులో హోసూరు వైపు తళి, డెంకణికోట చేలల్లో పండే రాగులతో ఇలా రెట్టిస్తూ పోతే ఇరవై ఒకటో గడికే పది లక్షలు దాటుతాయి. 64 గళ్లకూ కలిపి ఎన్ని?

1,84,46,74,40,73,70,95,51,615.

ఈ జవాబును తెలుగువాళ్లు ఒక చంపకమాలలో దాచుకున్నారు. 9వ శతాబ్ది మహావీరాచార్యుడి గణితాన్ని 11వ శతాబ్దిలో తెనిగించిన పావులూరి మల్లనదిగా ఆ పద్యం ప్రసిద్ధం. అందులో అంకెలు కనబడవు. బాణమంటే 5, వేదమంటే 4, ఆకాశమంటే 0, ఏనుగంటే 8. వరసగా విప్పుతూ కుడి నుంచి ఎడమకు పేర్చుకోవాలి.

పద్యం అప్పజెప్పడం సగం పనే అంటాడు ఈ కాలమ్ రచయిత. విప్పిన సంఖ్యను సరిచూడాలి కూడా. చివర 5 ఉంది కనుక 5తో పోవాలి. అంకెలన్నీ కూడితే 87. 3తో పోతుంది, 9తో పోదు. ఎక్కడైనా ఒక మాట జారితే ఈ కూడికే చాలాసార్లు పట్టిస్తుంది.

అసలు రుచి ఆ తర్వాత. ఈ సంఖ్య 2⁶⁴లో ఒకటి తక్కువ. వర్గాల భేదం సూత్రాన్ని మళ్లీ మళ్లీ వాడితే 3, 5, 17, 257, 65537, 4294967297ల లబ్ధంగా విడిపోతుంది. చివరిది కూడా ప్రధాన సంఖ్యేనని 17వ శతాబ్దిలో ఫెర్మా నమ్మాడు. కాదని 1732లో ఆయిలర్ తేల్చాడు: అది 641 × 6700417.

641తో భాగారం చేయకుండానే దీన్ని చూడొచ్చు. 641 అంటే 5⁴ + 2⁴. దాన్ని 2²⁸తో గుణిస్తే 5⁴ × 2²⁸ + 2³². మరోవైపు 640 అంటే 5 × 2⁷ కాబట్టి, 640⁴ − 1 అంటే 5⁴ × 2²⁸ − 1. వర్గాల భేదం సూత్రం ప్రకారం దీన్నీ 641 భాగిస్తుంది. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది 2³² + 1, అంటే 4294967297. ఎనిమిదో తరగతి బీజగణితం చాలు. ఇంత అందమైన లెక్క పిల్లలకు అందకపోవడం అన్యాయం.

హోసూరు వైపు తెలుగిళ్లలో ఈ పద్యం, ఈ లెక్క మరీ అవసరం. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరైంది. తమిళం నేర్చుకోవలసిందే, అందులో సందేహం లేదు. కానీ తెలుగు పద్యం ఇంట్లో పెద్దవాళ్లు చెబితేనే వస్తుంది. లెక్క దానికి మంచి తోడు.

మళ్లీ లెక్కకు వస్తే, 6700417 ప్రధానమేనా? 2³² + 1ను భాగించే ప్రధాన సంఖ్య దేన్నైనా 64తో భాగిస్తే 1 మిగలాలని ఆయిలర్ చూపాడు. 6700417 వర్గమూలం 2588 పైచిలుకు. అంతవరకు 65, 129, 193 అంటూ అలాంటివి 40 సంఖ్యలే. 641 అందులో పదోది. కాగితం, పెన్సిలు ఉంటే ఒక సాయంత్రం పని.