నిద్రపోయినవాడి బేస్‌కు కాపలా

ఫ్యాక్టరీలు కట్టే వీడియో గేమ్ ఫ్యాక్టోరియోలో సర్వర్ మీద ఎవరూ లేకపోతే మామూలుగా ఆట ఆగిపోతుంది. చిక్కంతా ఒక్కరైనా ఆడుతూ ఉన్నప్పుడే. హైదరాబాద్‌లో ఒకరు, డాలస్‌లో ఒకరు చెరో బేస్ కట్టుకుంటే ఇతనికి పగలు, అతనికి రాత్రి. అతను పడుకున్నా అతని ఫర్నేసులు మండుతూనే ఉంటాయి, కాలుష్యం పాకుతూనే ఉంటుంది. దాన్ని పీల్చుకున్న శత్రువుల గూళ్లు బైటర్లనే పురుగులను దాడికి పంపుతాయి. చిన్న బైటర్‌కు 4 యూనిట్ల కాలుష్యం చాలు. తూటాలు అయిపోయిన టరెట్‌ను నింపే మనిషేమో నిద్రలో ఉన్నాడు.

ఆటను మార్చే చిన్న ప్రోగ్రాములు, అంటే మాడ్‌లు, రాసేవాళ్లు దీనికి వాడే ఉపాయం ఆటలోనే ఉంది. ప్రతి జట్టూ ఒక ‘ఫోర్స్’, బైటర్లదీ ఒక ఫోర్సే. ఒక ఫోర్స్ ఇంకోదానిపై దాడి చేయకుండా ఆపే కాల్పుల విరమణ ఆజ్ఞ లువా భాషలో ఒకే ఒక్క వరుస. గోడలు పెంచక్కర్లేదు, బైటర్లను చంపక్కర్లేదు. పొద్దుపోయి ఆట వదిలినవాడి బేస్ వాటి లెక్కలోంచి తప్పుకుంటుంది, అంతే. ఇంత తక్కువతో ఇంత పని జరగడం నాకు ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది.

అసలు పనితనం రెండో వరుసలో ఉంది. ఈ విరమణ ఒకవైపుదే. బైటర్లు మీ బేస్‌ను ముట్టకూడదని రాస్తే, మీ టరెట్లు వాటిని కాల్చకూడదని రాసినట్టు కాదు. ఒక్క వరుసతో వదిలేస్తే తిరగబడని బైటర్లను లేజర్ టరెట్లు రాత్రంతా కాలుస్తూ కూర్చుంటాయి. కాపాడటానికి రాసింది కాస్తా ఊచకోత యంత్రమవుతుంది. చేయి తిరిగినవాడు రెండు వైపులా రాస్తాడు. నిద్రపోయినవాడికి నష్టం ఉండకూడదు, లాభమూ ఉండకూడదన్న న్యాయం ఆ రెండో వరుసలో ఉంది.

ఇంకా గట్టి పరీక్ష, పారిపోయేవాడి సంగతి. బైటర్లు గోడ కొరుకుతుండగా ఆట మూసేస్తే బేస్ దక్కుతుందని తెలిస్తే అందరూ అదే చేస్తారు. అందుకే మంచి మాడ్ వెంటనే రక్షణ ఇవ్వదు. ఫోర్స్‌లో ఆఖరి మనిషి వెళ్లాక 5 నిమిషాలు ఆగాలనుకుందాం. ఆట సెకనుకు 60 టిక్‌లు నడుస్తుంది కాబట్టి అది 18,000 టిక్‌లు. ఆ గడువు ఎక్కడ దాచాలన్నదీ చిన్న విషయమేం కాదు. అందరి కంప్యూటర్లూ ఒకే లెక్కను ఒకేలా చేస్తేనే ఈ ఆట కలిసి నడుస్తుంది. గడువును సేవ్‌తో పాటు వెళ్లే పట్టికలో కాక మామూలు వేరియబుల్‌లో పెడితే, మధ్యలో చేరినవాడికి ఆ సంఖ్య తెలియదు. అతని లెక్క తప్పి ఆట తెగిపోతుంది. ఆ పట్టికను 2024లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి ‘స్టోరేజ్’ అంటున్నారు, అంతకుముందు ‘గ్లోబల్’.

విరమణ పొగను ఆపలేదు. యజమాని లేనప్పుడు డ్రిల్లులను, ఫర్నేసులను కూడా నిలిపేయాలా? లేచేసరికి పెట్టెలు నిండి ఉండాలని కోరుకునేవాళ్లు ఒప్పుకోరు గానీ, నిలిపేయడమే సరైనదని నా అభిప్రాయం. బైటర్ల భయం లేకుండా ఇనుము పోగేయడం పక్కవాడికి అన్యాయం. తిరిగి వచ్చినప్పుడు ముందు యంత్రాలు కదలాలి, టరెట్లలో తూటాలు చూసుకునే వ్యవధి ఇవ్వాలి, ఆ తర్వాతే విరమణ ఎత్తేయాలి.