బ్రేకులోనే ఉంది మజా

స్పోర్ట్స్ కారు కొనేవాళ్లు ముందు హార్స్‌పవర్ ఎంతని అడుగుతారు. ఘాట్ రోడ్డుకు ఆ లెక్కతో పనిలేదు. మీ కాలు బ్రేకు మీద ఎంత ముందుగా, ఎంత మెత్తగా పడుతోందన్నదే అది చూస్తుంది. కొండదారిలో కారు నడిపే సుఖం, వేగం తగ్గించడం ఒంటబట్టాకే మొదలవుతుందని నా నమ్మకం.

మేముండే సూరత్‌లోని కతర్‌గామ్‌లో ఈ విద్యకు చోటు లేదు. సూరత్ తాపీ నది ఒడ్డున చదునైన ఊరు. సందు సందునా వజ్రాలు సానబట్టే కార్ఖానాలు, అవి వదిలే వేళకు రోడ్డు నిండా స్కూటర్లు, మధ్యమధ్య నేలబారు కారు పొట్ట గీరుకుపోయే స్పీడ్ బ్రేకర్లు. అందుకే సెలవు దొరికితే తెల్లవారకముందే డాంగ్ జిల్లా దారి పడతాను. చిఖలీ, వాంస్‌దా దాటి వఘై చేరేసరికి రెండు పక్కలా టేకు అడవి. అక్కడి నుంచి కొండ మీది సాపుతారా దాకా దాదాపు 50 కిలోమీటర్లు. ఎక్కేకొద్దీ మలుపులు బిగుసుకుంటాయి. ఎదురుగా నాసిక్ కూరగాయల లారీలు, షిర్డీ నుంచి తిరిగొచ్చే బస్సులు.

మలుపులో టైరు మీద పడే ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 20 మీటర్ల వ్యాసార్ధమున్న హెయిర్‌పిన్‌ను గంటకు 30 కిలోమీటర్ల వేగంతో తిరిగితే, కారు బరువులో మూడో వంతుకు కాస్త ఎక్కువ పట్టు చాలు. అదే 60తో తిరగాలంటే దానికి నాలుగింతలు, అంటే కారు బరువును మించిన పట్టు కావాలి. మామూలు టైర్లకు అంత శక్తి లేదు, బానెట్ మీద ఏ కంపెనీ బొమ్మ ఉన్నా సరే.

కాబట్టి పనంతా మలుపుకు ముందే అయిపోవాలి. తిన్నని దారిలోనే బ్రేకు, మూడు నుంచి రెండుకు గేరు, తర్వాతే స్టీరింగు. అవతలి దారి కనబడ్డాకే యాక్సిలరేటర్. రేస్ ట్రాక్ మీద లాగా రోడ్డంతా వాడుకోవడం ఇక్కడ కుదరదు, మన ఎడమ పక్కే మన ట్రాక్. మా వీధిలో వజ్రాలు సానబట్టే కారీగర్ (పనివాడు) చేసేదీ ఇదే: తిరిగే చక్రానికి రాయిని ఆనించి, తీసి, భూతద్దంలో చూసుకుని, మళ్లీ ఆనిస్తాడు. గట్టిగా నొక్కితే పని త్వరగా అవుతుందని అతనికీ తెలుసు, రాయి పాడవుతుందనీ తెలుసు.

మరి స్పోర్ట్స్ కారెందుకు? అది జవాబు చెప్తుంది కనుక. బరువు నేలకు దగ్గరగా ఉంటుంది, స్ప్రింగులు బిగువుగా ఉంటాయి. చక్రం కింద ఇసుక తగిలినా, ఎండిన టేకాకు జారినా అరచేతికి, నడుముకు కబురొస్తుంది. పెద్ద ఎస్‌యూవీలో ఆ కబురు దారిలోనే ఆగిపోతుంది.

దిగేటప్పుడు పరీక్ష ఇంకా గట్టిది. బ్రేకులనే నమ్ముకుంటే అవి వేడెక్కి పట్టు వదులుతాయి. చిన్న గేరులో ఇంజనుకే పగ్గం అప్పగించాలి. ఇరుకు చోట ఎక్కే బండికి దారివ్వడం మన దేశంలో చట్టం. దిగడంలో నిదానం ఎంత ముఖ్యమో తిరుమలలో చూడొచ్చు. అక్కడ 1944 నాటి పాత ఘాట్ రోడ్డు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 పట్టాలని అక్కడి నియమం. అంతకన్నా ముందొస్తే తప్పు చేసినట్టే. దిగడానికే ఎక్కువ సమయమిచ్చారంటే, ఆ నియమం పెట్టినవాళ్లకు కొండ సంగతి బాగా తెలుసన్నమాట.

సాపుతారాలో టీ కొట్టు దగ్గర కుర్రాళ్లు ఒకరినొకరు అడిగేది ఒకటే: ‘ఎంతసేపట్లో ఎక్కావ్?’ నేనైతే వేరే ప్రశ్న అడుగుతాను. మలుపు మధ్యలో ఉలిక్కిపడి ఎన్నిసార్లు బ్రేకు తొక్కావు? ఒక్కసారి కూడా లేదని నిజాయితీగా చెప్పగలిగినవాడికి ఎంత బలమైన కారు తాళాలైనా నిశ్చింతగా ఇవ్వొచ్చు.