రాజశేఖరుడు మనకేమవుతాడు?

జరగని కథను ఎందుకు చదవాలని పిల్లలు అడిగితే, నీతి తెలుస్తుందని చెప్పి ఊరుకోవడం పెద్దలకు అలవాటు. తెలుగు నవలకు తొలి బాట వేసినవారిలో ముఖ్యులైన కందుకూరి వీరేశలింగం పంతులుగారు కూడా ఇంచుమించు అదే జవాబు చెప్పేవారు. సంఘంలోని దురాచారాలను తొలగించడమే తమ రచనల లక్ష్యమని ఆయన ఏనాడూ దాచుకోలేదు. అయితే ఆ జవాబు ఆయన నవలకే చాలదని మా అభిప్రాయం.

‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో ధారావాహికగా మొదలై, 1880లో పుస్తకంగా వెలువడింది. పంతులుగారు తొలుత గోల్డ్‌స్మిత్ ఆంగ్ల నవల ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ను తెనిగించబోయి, ఆ ప్రయత్నం విడిచిపెట్టారు. దాని ఛాయ మిగిలినా, ధవళేశ్వరంలోని ఒక తెలుగు కుటుంబాన్నే కథకు ఆధారం చేసుకున్నారు.

మూఢనమ్మకాలను ఖండిస్తూ ఆయన ఎన్నో వ్యాసాలు రాశారు. మరి కథ ఎందుకు కావలసివచ్చింది? బంగారం చేసిపెడతానన్న బైరాగిని నమ్మి రాజశేఖరుడు ఉన్న బంగారాన్నీ పోగొట్టుకుంటాడు. వ్యాసంలో అతడు ఒక మూర్ఖుడికి ఉదాహరణగా మిగిలేవాడు. నవలలో అతనికి భార్య ఉంది, పిల్లలున్నారు. కలిమి ఉన్నంతకాలం ఇల్లు నిండా చేరిన పొగడ్తలరాయుళ్లు లేమి రాగానే మొహం చాటేస్తారు. అతని తప్పు తెలిసినా మనం నవ్వలేము, జాలిపడతాము. నడుమ వచ్చే ఉపదేశాలు నేటి పాఠకునికి బరువే. విడిపోయినవారందరూ తిరిగి కలిసే ముగింపు మరీ అనుకూలంగా కుదిరింది. అయినా కుటుంబంతో ఊరు విడిచిన రాజశేఖరుడి దిగులు మాత్రం నిలిచే ఉంది.

ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ మరో తార్కాణం. చెరసాలలో రూపుదిద్దుకొని 1922లో వెలువడిన ఆ నవలను నాటి ప్రభుత్వం నిషేధించింది. కల్పితమైన ఒక దళిత కుటుంబం కథకు ప్రభుత్వం ఎందుకు భయపడాలి? సంగదాసు మరణానికి కన్నీరు పెట్టిన పాఠకుడు ఆ అన్యాయాన్ని ఇక దూరంనుంచి చూడలేడు.

ఎమిరేట్స్‌లో ఉన్న మనకు ఈ విషయం మరింత దగ్గరిది. ఇంటికి ఫోను చేసినప్పుడు, ఇక్కడ అంతా బాగానే ఉందని చెబుతాము. అవతలివారూ అదే మాట చెబుతారు. రెండు వైపులా ప్రేమతోనే కొంత దాస్తాము. అలా దాచుకున్నది చెప్పుకోవడానికి కథ ఒక మార్గం. పేరు మార్చి, ఊరు మార్చి, పరువుకు భంగం లేకుండా మనసులోని నిజాన్ని చెప్పవచ్చు. మనుషులు కల్పన రాయడానికి ఇదొక బలమైన కారణమని మేము నమ్ముతున్నాము.

‘రాజశేఖర చరిత్రము’ గ్రాంథిక భాషలో ఉంది కనుక పిల్లలకు నేరుగా అందదు. ఒక్కొక్క ప్రకరణం పెద్దలు చదివి, తమ మాటల్లో చెప్పవచ్చు. చెప్పిన తరువాత ఇందులోని నీతి ఏమిటని అడగవద్దు. బైరాగి వచ్చిన రోజున నీవు ఆ ఇంట్లో ఉంటే ఏమి చేసేవాడివి, ఏమి చేసేదానివి అని అడగండి. వారు తమకు వచ్చిన తెలుగులోనే జవాబు చెప్పనివ్వండి. తప్పులు తరువాత దిద్దుకోవచ్చు.