హీత్‌క్లిఫ్ వినని మాట

కిటికీ పక్క చెక్క గట్టు మీద ఒకే పేరు మూడు రకాలుగా గీకి ఉంటుంది: కేథరిన్ ఎర్న్‌షా, కేథరిన్ హీత్‌క్లిఫ్, కేథరిన్ లింటన్. మంచు తుపానులో చిక్కుకుని ఆ ఇంట్లో ఒక రాత్రి తలదాచుకున్న లాక్‌వుడ్‌కు ఆ గీతలు అర్థం కావు. మొదటిసారి చదువుతున్న మనకూ కావు. ‘వదరింగ్ హైట్స్’ పూర్తిచేసి మళ్లీ మొదటికి వస్తే మాత్రం కథంతా ఆ చెక్క మీదే ఉందని తెలుస్తుంది. మొదటి నుంచి చదివితే తల్లి బతుకు: పుట్టింటి పేరు, మనసుపడ్డ పేరు, కట్టుకున్నవాడి పేరు. చివరి నుంచి చదివితే కూతురి బతుకు: లింటన్ బిడ్డగా పుట్టి, హీత్‌క్లిఫ్ కోడలై, ఆఖరికి ఎర్న్‌షా ఇంటి ఇల్లాలు కాబోతుంది. ఎమిలీ బ్రాంటీ ఈ సంగతి విప్పి చెప్పదు. మూడో అధ్యాయంలో పెట్టేసి తన దారిన తాను పోతుంది.

యార్క్‌షైర్‌లోని హావర్త్ అనే ఊళ్లో పాస్టరు గారి అమ్మాయి ఎమిలీ. ఎల్లిస్ బెల్ అనే మారుపేరుతో 1847 డిసెంబరులో అచ్చయిన ఇదొక్కటే ఆమె మిగిల్చిన నవల. మరుసటి డిసెంబరులో ముప్పయ్యేళ్లకే పోయింది. అక్క షార్లెట్ 1850 ముద్రణకు ముందుమాట రాస్తూ దీన్ని మోటు పనిముట్లతో చెక్కిన రాతిబొమ్మగా చూపింది. ఆ మాట అలా నిలిచిపోయింది. ఏదో పూనకంలో రాసిందన్నట్టు ఇప్పటికీ మాట్లాడతారు. నాకు కనిపించేది పూనకం కాదు, పిచ్చి ప్రేమను కొలతలు తప్పకుండా కట్టిన చెయ్యి.

తొమ్మిదో అధ్యాయమే తీసుకుందాం. వంటింట్లో పనిమనిషి నెల్లీ డీన్ పసివాడు హేర్టన్‌ను ఒళ్లో వేసుకుని జోకొడుతోంది. కేథరిన్ వచ్చి, ఎడ్గార్ లింటన్ పెళ్లి చేసుకుంటానన్నాడని, తాను సరేనన్నానని చెబుతుంది. మాటిచ్చేశాక మంచిచెడ్డలు అడగడం ఆ పిల్ల తీరు. ఆమెతో కలిసి ఆ ఇంట్లోనే పెరిగిన హీత్‌క్లిఫ్ ఆమెకు కనబడకుండా బల్ల చాటున ఉన్నాడు. తన అన్న హిండ్లీ అతన్ని పనివాళ్లలో కలిపేసి ఇంతగా దిగజార్చాడు కనుక ఇప్పుడు అతన్ని చేసుకుంటే తనకు తలవంపులని ఆమె అంటుంది. అంతవరకే విని అతను చప్పుడు చేయకుండా వెళ్లిపోతాడు. ఆ తర్వాత వస్తుంది అసలు మాట: ఎడ్గార్ మీది ఇష్టం కాలంతో మారేదేనని, హీత్‌క్లిఫ్ తనకు వేరే మనిషే కాడని. ప్రపంచమంతా తలుచుకునే ఆ మాట ఎవరి కోసమో అతనికి తప్ప అందరికీ చేరింది.

సగం విని అపార్థం చేసుకోవడం మన నాటకాల్లో, సినిమాల్లో బోలెడు చూశాం. ఇక్కడ పనితనం మూడో మనిషిలో ఉంది. అతను లేచిపోవడం నెల్లీ చూసింది. ‘ఉష్’ అంటుంది కూడా. ఎందుకని కేథరిన్ అడిగితే పనివాడు జోసెఫ్ వస్తున్నాడని, బండి చప్పుడు వినబడుతోందని సాకు చెబుతుంది. ఈ సంగతిని ఏళ్ల తర్వాత నెల్లీయే లాక్‌వుడ్‌కు చెబుతోంది, తన తప్పేదో ఉందన్న ఊసే లేకుండా. పైగా ఆమెకు కేథరిన్ మాటలన్నీ పిచ్చి ప్రేలాపనగానే తోచాయి. రెండు ప్రాణాలు ఒకటేనన్నంత పెద్ద మాటను విసుక్కుంటున్న పనిమనిషి చెవిలో వేయించడానికి ఎంత ధైర్యం కావాలి! నెల్లీ నమ్మదు కాబట్టే మనం నమ్ముతాం. కేథరినే నేరుగా మనకు చెప్పి ఉంటే నాలుగు పేజీల్లో మొహం మొత్తేది.

ఇంకో చిత్రం. ఈ ప్రేమికులు కలిసి సంతోషంగా ఉన్న ఘట్టాలు నవలలో దాదాపు లేవు. బంజరు గుట్టల మీద పరుగులు ఒక పాత డైరీలో, నెల్లీ మాటల్లో తొంగిచూసి పోతాయి. బదులుగా ఎమిలీ గోడకు తగిలించిన పంచాంగం కాగితం చూపిస్తుంది. కేథరిన్ లింటన్లతో గడిపిన సాయంత్రాలకు హీత్‌క్లిఫ్ కొట్టు గుర్తులు వేశాడు, తనతో గడిపినవాటికి చుక్కలు. చదువూ మాటనేర్పూ పోగొట్టుకున్న కుర్రాడు తన బాధను చెప్పగలిగిన తీరు అది. ఆమె దాన్ని వెర్రి అని కొట్టిపారేస్తుంది. ప్రేమ ఎంతుందో, ఎక్కడ తెగుతోందో ఆ ఒక్క కాగితం చెప్పేసింది.

సినిమాలు ఈ నవలను మెత్తబరిచాయి. 1939లో లారెన్స్ ఒలివియర్, మెర్ల్ ఒబెరాన్ నటించిన హాలీవుడ్ చిత్రం రెండో తరం కథను వదిలేసింది. దిలీప్ కుమార్, వహీదా రెహ్మాన్‌ల ‘దిల్ దియా దర్ద్ లియా’ (1966) కూడా ఈ కథ నుంచి పుట్టిందే. కానీ పుస్తకంలో కేథరిన్ పదహారో అధ్యాయంలోనే చనిపోతుంది. మొత్తం అధ్యాయాలు 34. దేవదాసు విషాదానికి అలవాటుపడ్డ మనకు మిగతా సగం కొరుకుడు పడదు. దేవదాసు తనను తాను కాల్చుకున్నాడు. హీత్‌క్లిఫ్ పక్కవాళ్ల పిల్లల్ని కాలుస్తాడు. హిండ్లీని జూదంలో దించి ఆస్తి తాకట్టు పట్టుకుంటాడు, ఎడ్గార్ చెల్లెలు ఇసబెల్లాను పెళ్లాడి నరకం చూపిస్తాడు, హిండ్లీ కొడుకు హేర్టన్‌కు అక్షరం ముక్క రాకుండా పెంచుతాడు. ఆత్మబంధం పేరుతో ఇంత క్రూరత్వం చేయించి, దానికి సాకు వెతకకపోవడం వల్లే నాకు ఈ నవల మీద గౌరవం.

ఆస్తి లెక్కలూ గాలివాటం కావు. సి.పి. శాంగర్ అనే న్యాయవాది 1926లో ఈ నవల నిర్మాణం మీద ఒక వ్యాసం రాశాడు. కథలో నేరుగా చెప్పిన తేదీలు చాలా కొద్ది. అక్కడక్కడా వచ్చే వయసులు, నెలలు, పంటకాలాల్ని పట్టుకుని సంఘటనలన్నిటికీ కాలక్రమం కట్టి, ఆనాటి వారసత్వ చట్టాలతోనూ సరిచూశాడు. రెండు కుటుంబాల వంశవృక్షం అచ్చంగా జోడు కుదిరింది. ఇంట్లో రొట్టెలు కాలుస్తూ రాసుకున్న మనిషికి ఈ లెక్క ఎలా పట్టుబడిందో!

లోపాలు లేవనను. హీత్‌క్లిఫ్ కొడుకు లింటన్ మనిషి కంటే పనిముట్టుగా తోస్తాడు. ఆస్తి చేతులు మారడానికి పుట్టి, మారగానే పోతాడు. ముసలి జోసెఫ్ యార్క్‌షైర్ యాస ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లనీ తిప్పలు పెడుతుంది.

అంత పగ ఎలా ఆగిందన్నదే ఆఖరి చిక్కుముడి. రెండు ఇళ్లూ, ఇద్దరు వారసులూ చేతికి చిక్కాక హీత్‌క్లిఫ్‌కు చెయ్యి లేవదు. హేర్టన్, చిన్న కేథరిన్ పుస్తకం మీంచి తలెత్తితే ఇద్దరివీ చనిపోయిన కేథరిన్ కళ్లే. ఒకడు ఆమె మేనల్లుడు, ఒకతె కూతురు. పోలిక ఎప్పుడో వేసిన పునాది. ఉపన్యాసాలూ పశ్చాత్తాపాలూ లేకుండా రక్తసంబంధంతోనే ఎమిలీ పని కానిచ్చేసింది. హీత్‌క్లిఫ్ తిండి మానేసి చనిపోతాడు. ఏం జబ్బో డాక్టర్ కెనెత్‌కు అంతుపట్టదు. నాలుగు రోజులుగా అతను ఏమీ తినలేదన్న సంగతి నెల్లీకి తెలుసు. గొడవవుతుందేమోనని ఆమె ఆ మాట కూడా దాచేస్తుంది.