ఇగ్నైటర్‌కి మూడు వందల డాలర్లా!

మిషిగన్‌లో జనవరి అర్ధరాత్రి ఫర్నేస్ ఆగిపోతే బేరమాడే ఓపిక ఎవరికీ ఉండదు. ఇంట్లో పసిపిల్లలు, పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగులుతాయేమోనన్న భయం. మెకానిక్ చెప్పిన డబ్బు చెప్పినట్టు ఇచ్చేస్తాం. కడుపుమంట మర్నాడు మొదలవుతుంది. మంట అంటించే వేలెడంత ఇగ్నైటర్‌కి మూడు వందల డాలర్లా? ఆన్‌లైన్‌లో నలభైకే ఉందే! ఇక్కడి తెలుగువాళ్ల శనివారం భోజనాల్లో చలికాలమంతా ఇదే పంచాయతీ.

చలి ముదరక ముందే ఫర్నేస్ తలుపు విప్పి చూసుకోవడం నాకు అలవాటు. కరెంటు, గ్యాసు కట్టేసి, ఫ్లేమ్ సెన్సర్ కడ్డీని సన్నటి స్టీల్ ఊల్‌తో తుడుస్తాను. ఏటా అదే పని చేస్తుంటే యంత్రం నడిచే వరస వంటబట్టింది. థర్మోస్టాట్ వేడి అడగ్గానే ముందు ఇండ్యూసర్ అనే చిన్న ఫ్యాన్ తిరిగి పొగను బయటికి లాగుతుంది. లాగుతోందని ప్రెషర్ స్విచ్ సాక్ష్యం చెప్పాకే ఇగ్నైటర్ ఎర్రబడుతుంది. ఆపైన గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. మంటలోంచి మైక్రోఆంపుల్లో కరెంటు పారుతున్నట్టు సెన్సర్‌కి తెలియకపోతే కొన్ని సెకన్లలోనే వాల్వ్ మళ్లీ మూసుకుంటుంది. ఎవరూ ఎవర్నీ నమ్మని కాపురం! ఇంత అనుమానం ఉండాల్సిందే మరి. తేడా వస్తే ఇంట్లో చేరేది కార్బన్ మోనాక్సైడ్, దానికి రంగూ వాసనా ఉండవు. వాల్వ్, ప్రెషర్ స్విచ్‌ల ధరలో పరీక్షల ఖర్చూ కోర్టు కేసుల భయమూ కలిసే ఉంటాయి. వాటితో నాకు పేచీ లేదు.

పేచీ అంతా వేడిగాలిని ఇల్లంతా తోసే బ్లోయర్ మోటారుతోనే. పాతరకం మోటారు పక్కన కెపాసిటర్ ఉండేది. హార్స్‌పవర్, వేగం, తిరిగే దిశ, కొలతలు సరిపోతే ఏ కంపెనీదైనా బిగించుకోవచ్చు. 2019 జూలై నుంచి అమెరికా ఇంధన శాఖ ఫర్నేస్ ఫ్యాన్లు ఎంత కరెంటు తినాలో నియమం పెట్టింది. దాంతో కొత్త ఫర్నేసుల్లోకి ఈసీఎం అనే కొత్తరకం మోటార్లు వచ్చేశాయి. కరెంటు ఆదా, చప్పుడు తక్కువ, కాదనను. కానీ దాని వెనక ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది. మన మోడల్‌కి ఎంత గాలి కావాలో దాన్లో ముందే ప్రోగ్రాం చేసి పెడతారు. పైకి అచ్చం అలాగే కనిపించే మోటారు పక్కింట్లో ఉన్నా మనకి పనికి రాకపోవచ్చు. వేరే దుకాణానికి వెళ్లే దారి అక్కడే మూసుకుపోతుంది. బిల్లు వెయ్యి దాటినా ఆశ్చర్యం లేదు.

చాలాసార్లు పోయేది ఆ మాడ్యూలే, మోటారు కాదు. మీటరు పెట్టి వైండింగ్ చూస్తే తెలిసిపోతుంది. కొన్ని రకాల్లో మాడ్యూల్ ఒక్కటే మార్చుకోవచ్చు కూడా. విజయవాడ ఆటోనగర్‌లో కాలిన మోటారుకి కొత్త రాగితీగ చుట్టి ఇచ్చేస్తారు. ఇక్కడ చుట్టే మనిషి కూలి మోటారు ధరను మించిపోతుంది. అందుకే మొత్తం ఊడబెరికి కొత్తది పెట్టడమే ఆనవాయితీ.

మెకానిక్ వైపూ కాస్త చూడాలి. ఫర్నేస్ పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతుంది. అన్నేళ్లూ ఆ మోడల్ సామాను ఎక్కడో ఒక గోడౌన్ అరలో కూర్చోవాలి. కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటరు, అక్కణ్ణుంచి కాంట్రాక్టరు, అంటే మన మెకానిక్, తర్వాతే మనం. డిస్ట్రిబ్యూటర్లలో చాలామంది ఇంటివాళ్లకి నేరుగా అమ్మరు. ఇది మాత్రం అన్యాయమే అంటాను. కాంట్రాక్టరుకి వ్యాను, ఇన్సూరెన్సు, లైసెన్సు ఖర్చులున్నాయి. తను బిగించిన సామాను మళ్లీ పాడైతే ఊరికే వచ్చి మార్చాల్సిన బాధ్యతా ఆయనదే. ఇదంతా కూలి కింద విడిగా రాస్తే మనం గొడవ పడతాం, సామాను ధరలో కలిపేస్తే గొణుక్కుంటూ కట్టేస్తాం. ఆ సంగతి ఆయనకి తెలుసు.

నమ్మకం కుదరకపోతే వారంటీలో ఉన్న ఫర్నేస్ బిల్లు చూడండి. సామాను ఉచితం, అయినా వందల డాలర్లు పడుతుంది. కూలి వారంటీలో ఉండదు కాబట్టి అసలు ఖర్చు అక్కడ బయటపడుతుంది. ఆ వారంటీ కూడా చాలా కంపెనీల్లో మామూలుగా అయిదేళ్లే. బిగించిన అరవై, తొంభై రోజుల్లో రిజిస్టర్ చేస్తే పదేళ్లవుతుంది. బిల్డరు చేసి ఉంటాడులే అనుకోకండి. గృహప్రవేశం హడావిడిలో పాలు పొంగించిన రోజే బేస్‌మెంట్‌లోకి దిగి, ఫర్నేస్ తలుపు లోపలి రేకు మీది మోడల్, సీరియల్ నంబర్లు ఫోటో తీసుకోండి.