ఆపినా ఆగని కంప్యూటర్

ఇంట్లో కంప్యూటర్ ఆన్ కాకపోతే వెంటనే మెకానిక్‌కు కబురు వెళ్తుంది గానీ, ఆఫ్ కాకపోతే పవర్ బటన్‌ను నాలుగైదు సెకన్లు అదిమిపట్టడం, దానికీ లొంగకపోతే గోడమీది స్విచ్ తీసేయడం చాలామందికి అలవాటైపోయింది. ఇలా బలవంతంగా ఆపినందువల్ల ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉందన్న సంగతి అందరూ వినే ఉంటారు; అయితే కంప్యూటర్ ఏ దశలో, దేనివల్ల చిక్కుకుపోయిందో గమనించే అవకాశం కూడా ఆ క్షణంలోనే చేజారిపోతుందన్నది అంతగా ఎవరికీ పట్టదు. ఈ లోపాన్ని పట్టుకోవడంలో సగం పని, కంప్యూటర్ ఎక్కడ ఆగిపోయిందో ఓపికగా చూడడమే.

పాత కంప్యూటర్లలో పవర్ బటన్ కరెంటును నేరుగా తెంచేది. విండోస్ 95 తన పని ముగించుకుని, ఇక ఆపవచ్చునని తెరమీద చూపిస్తే, మనిషే చేత్తో స్విచ్ నొక్కవలసి వచ్చేది. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ నమూనాతో ఆ ఏర్పాటు మారింది. ఈ నమూనాలో పవర్ సప్లై, అంటే ఇంటి కరెంటును కంప్యూటర్‌కు తగినట్లు మార్చే పెట్టె, ప్లగ్గులో ఉన్నంతసేపూ 5 వోల్టుల చిన్న సరఫరాను మదర్‌బోర్డుకు అందిస్తూనే ఉంటుంది. ఒక ఆకుపచ్చ తీగను మదర్‌బోర్డు తక్కువ వోల్టేజీలో పట్టి ఉంచినంతసేపు మిగతా సరఫరా నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి రూపొందించిన ఏసీపీఐ అనే నిబంధనావళి, ఆ తీగను ఎప్పుడు వదలాలో చెప్పే అధికారాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ చేతికిచ్చింది. ఈ మార్పు సౌకర్యాన్ని తెచ్చినట్లే చిక్కులనూ తెచ్చింది. విండోస్ 98 రెండో ఎడిషన్‌లో షట్‌డౌన్ సమస్యల కోసమే మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా ఒక సవరణను విడుదల చేయవలసి వచ్చింది.

ఊరికి వెళ్లేవారు పొయ్యి, కుళాయి, కిటికీలు చూసుకుని చివరన తాళం వేసినట్లే, ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఒక వరుసలో పని ముగిస్తుంది. ముందుగా తెరిచి ఉన్న ప్రోగ్రాములను ముగించమని అడుగుతుంది. తర్వాత సర్వీసులను, అంటే తెరమీద కనిపించకుండా వెనకాల నడిచే ప్రోగ్రాములను ఆపుతుంది. ఇంకా ర్యామ్‌లోనే ఉన్న సమాచారాన్ని డిస్కుకు రాస్తుంది. డ్రైవర్లకు, అంటే ప్రింటరు, వైఫై వంటి పరికరాలను నడిపే ప్రోగ్రాములకు, సెలవు చెబుతుంది. ఆ తర్వాతే మదర్‌బోర్డు తీగను వదులుతుంది. ప్రోగ్రాము మొండికేస్తే దాని పేరు తెరమీదే కనిపిస్తుంది కాబట్టి అక్కడ పెద్ద చిక్కేమీ లేదు. షట్‌డౌన్ అవుతున్నట్లు చుక్కలు గంటకొద్దీ తిరుగుతూనే ఉంటే సర్వీసులను, డ్రైవర్లను, సగంలో ఉన్న అప్‌డేట్లను అనుమానించాలి. తెర నల్లబడినా ఫ్యాను తిరుగుతూ, దీపం వెలుగుతూ ఉంటే అనుమానం డ్రైవర్లమీద, బయాస్‌మీద పడుతుంది. బయాస్ అంటే మదర్‌బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ను మేల్కొలిపే తొలి ప్రోగ్రాము.

అయితే విండోస్ 8 నుంచి ఈ వరుస సాధారణంగా పూర్తిగా జరగడం లేదు. ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ నొక్కినప్పుడు వాడుకరి ప్రోగ్రాములు మాత్రమే నిజంగా ముగుస్తాయి. కెర్నెల్ అనే మూలభాగమూ, డ్రైవర్లూ ఉన్న స్థితిలోనే డిస్కులోని ఒక ఫైలులోకి చేరి, మర్నాడు మళ్లీ ర్యామ్‌లోకి వస్తాయి. అందువల్ల ఒకసారి దారి తప్పిన డ్రైవర్ రోజూ షట్‌డౌన్ చేస్తున్నా బాగుపడకపోవచ్చు. రీస్టార్ట్ కంటే షట్‌డౌనే లోతైనదన్న నమ్మకం బలంగా ఉంది. ఈ ఏర్పాటులో జరిగేది దానికి తలకిందులు, ఎందుకంటే రీస్టార్ట్‌లో మాత్రమే అంతా మొదటినుంచి మొదలవుతుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ భాగం తెరిచి, సీపీయూ గ్రాఫు కింద ఉండే అప్ టైమ్ అంకెను చూస్తే ఇది కళ్లకు కడుతుంది: రాత్రి ఆపి ఉదయం ఆన్ చేసిన కంప్యూటర్‌లో కూడా అది రోజుల లెక్క చూపిస్తుంది. షట్‌డౌన్ లోపం వెతికేవారు కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్లలో ఈ ఏర్పాటును తీసేయడంతో మొదలుపెట్టాలి; చాలా కంప్యూటర్ల విషయంలో వెతుకులాట అక్కడితోనే ముగుస్తుంది.

అక్కడితో ముగియకపోతే విండోస్ రాసిపెట్టుకునే దినచర్యను చదవాలి. ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ విభాగంలో 1074 అనే సంఖ్య షట్‌డౌన్‌ను ఎవరు కోరారో, 6006 ఆ దినచర్య రాసే సర్వీసు సక్రమంగా ఆగిందని చెబుతాయి. ఫాస్ట్ స్టార్టప్ తీసేసిన తర్వాత కూడా 1074 ఉండి 6006 లేకపోతే, మధ్యలో ఏదో సర్వీసు పట్టుకుని కూర్చుందని అనుకోవచ్చు. రెండూ ఉన్నా ఫ్యాను ఆగకపోతే లోపం ఆ తర్వాతి మెట్టులో ఉన్నట్లు. 41, 6008 సంఖ్యలను చూసి కంగారుపడనక్కర్లేదు, ఎందుకంటే బటన్ అదిమి ఆపిన ప్రతిసారీ మర్నాడు అవి కనిపిస్తాయి. కంప్యూటర్ సరిగా ముగియలేదని చెప్పడమే తప్ప కారణం చెప్పడం వాటివల్ల కాదు.

పరికరాల పరీక్ష ఇంకా తేలిక. ప్రింటరు, బయటి హార్డ్ డిస్కు, యూఎస్‌బీ వైఫై ముక్క వంటివన్నీ తీసేసి షట్‌డౌన్ చేసి, అది సాఫీగా జరిగితే ఒక్కొక్కటే తిరిగి తగిలిస్తూ పోతే దోషి దొరుకుతుంది. ఇంత చిన్న పరీక్షయినా చేయకుండా ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ ఎక్కించమనే సలహా తేలిగ్గా వినిపిస్తుంది. అది వైద్యం కాదు, రోగాన్ని చూడకుండా తప్పించుకోవడం, పైగా అదే డ్రైవర్‌ను మళ్లీ వేస్తే అదే లోపం తిరిగి వస్తుంది. అంతకంటే ముందు చేయదగినది ఒకటుంది: ఉచితంగా దొరికే ఉబుంటు వంటి లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, డిస్కు జోలికి పోకుండా దానినుంచే కంప్యూటర్‌ను నడిపి, అక్కడినుంచి షట్‌డౌన్ చేసి చూడాలి. ఫ్యాను ఆగి దీపం ఆరితే మదర్‌బోర్డు, పవర్ సప్లై తమ పని తాము చేస్తున్నట్లే కాబట్టి, మళ్లీ విండోస్ డ్రైవర్ల దగ్గరకు రావచ్చు. అక్కడా ఆరకపోతే బయాస్‌కు కొత్త వెర్షన్ ఉందేమో చూసి, అప్పటికీ కుదరకపోతేనే పెట్టెను మెకానిక్ దగ్గరకు మోసుకెళ్లాలి.