కాంతివేగం మీద ఒక తగువు

లండన్ ఇంపీరియల్ కాలేజీలో పనిచేసే పోర్చుగీసు శాస్త్రవేత్త జోవావ్ మగెయిజు 2003లో అచ్చువేసిన ‘ఫాస్టర్ దాన్ ద స్పీడ్ ఆఫ్ లైట్’ని రెండుసార్లు చదివాను. మొదటిసారి పుస్తకం కింద పెట్టలేదు. రెండోసారి కాస్త కోపమొచ్చింది.

చిక్కు ఇదీ. ఆకాశంలో ఏ దిక్కుకి తిరిగినా విశ్వపు తొలినాళ్ళ వెలుగు ఒకే ఉష్ణోగ్రతతో, దాదాపు 2.7 కెల్విన్‌తో, పలకరిస్తుంది. తేడా లక్షలో ఒక వంతు. కానీ ఆ వెలుగు బయల్దేరే నాటికి ఈ కొస నుంచి ఆ కొసకి కబురు మోసే వ్యవధి కాంతికే లేదు. పరీక్ష హాల్లో ఈ మూల పిల్లాడూ ఆ మూల పిల్లాడూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే జవాబు రాస్తే ఏమనుకుంటాం? ముందు ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, తర్వాత రెప్పపాటులో బెంచీ సాగిపోయింది అన్నాడు 1981లో ఆలన్ గూత్. అదే ఇన్‌ఫ్లేషన్ (బియ్యం ధరలది కాదు లెండి). బెంచీ సాగనక్కర్లేదు, అప్పట్లో కబురే ఎన్నో రెట్లు వేగంగా వెళ్ళేది అంటాడు మగెయిజు. అంటే కాంతివేగం ఒకప్పుడు చాలా ఎక్కువ, తర్వాత పడిపోయింది.

1999లో ఈ సంగతిని అతనితో కలిసి ఫిజికల్ రివ్యూలో రాసింది ఆండ్రియాస్ ఆల్బ్రెక్ట్. 1982లో ఇన్‌ఫ్లేషన్‌ని నిలబెట్టినవాళ్ళలో ఈయనా ఒకడు. తను ఎత్తిన దూలానికే రంపం పెట్టిన మనిషి! నాకైతే కథానాయకుడు ఈయనే. రచయితకి మాత్రం తన మీదే మక్కువ. అయినా ఒకటి ఒప్పుకోవాలి: టొరాంటోలో జాన్ మోఫాట్ ఇలాంటి ఆలోచననే 1993లో ప్రచురించాడనీ ఎవరూ పట్టించుకోలేదనీ అతను దాచలేదు.

పత్రికల సంపాదకుల్నీ కమిటీల్నీ తిట్టే పేజీలు మొదట నవ్విస్తాయి, తర్వాత విసిగిస్తాయి. వాటివల్ల నలిగిపోయింది అసలు ప్రశ్న. 1983 నుంచీ మీటరు అంటేనే, సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో కాంతి వెళ్ళే దూరం. మరి కాంతివేగం మారిందంటే అర్థమేమిటి? సోలతో కొలిచి బియ్యం తగ్గాయంటున్నాం; తగ్గింది బియ్యమా, పెరిగింది సోలా? అందుకే మైకేల్ డఫ్ లాంటివాళ్ళు, ఏ కొలమానమూ అక్కర్లేని అంకెలు మారితేనే మార్పు అన్నారు. ఫైన్ స్ట్రక్చర్ స్థిరాంకం అలాంటిది, సుమారు 1/137. దూరపు క్వేజార్ల వెలుగులో అది లక్షలో ఒక వంతు తేడాగా కనిపించిందని జాన్ వెబ్ బృందం చెప్పింది. తగువు ఇంకా తెగలేదు. గాబన్‌లో ఓక్లో దగ్గర సుమారు 200 కోట్ల ఏళ్ళ కిందట భూమిలో దానంతటదే మండిన యురేనియం పొయ్యి బూడిద మాత్రం ‘పెద్దగా మారలేదు’ అంటోంది. పోనీ మారిందే అనుకుందాం. ఆ మార్పుని కాంతివేగం ఖాతాలో రాయాలా, ఎలక్ట్రాను ఆవేశం ఖాతాలోనా? లెక్క ఎటు సులువైతే అటు రాశానంటే నాకు అభ్యంతరం లేదు. కానీ అట్ట మీద పేరు అంత వినయంగా లేదే!

2016లో నియాయెష్ అఫ్షోర్దీతో కలిసి రాసిన వ్యాసంలో ఈ చిక్కు విడింది. అందులో మారేది రెండు వేగాల నిష్పత్తి: పదార్థానికున్న గరిష్ఠ వేగం, గురుత్వాకర్షణ వేగం. నిష్పత్తికి సోలతో పనిలేదు. పైగా తొలి వెలుగులోని హెచ్చుతగ్గుల గురించి ఒక అంకె కూడా ఇచ్చారు, 0.96478. ప్లాంక్ ఉపగ్రహపు కొలతకి అది దగ్గరగానే ఉంది, ఇన్‌ఫ్లేషన్ నమూనాలు కొన్ని ఇచ్చే అంకెలూ అక్కడక్కడే ఉన్నా సరే. 2003లో ఈ అంకె చేతిలో ఉంటే సంపాదకుల మీద అన్ని పేజీలు ఖర్చుపెట్టేవాడా?